మెహర్ డబ్బుతో ఒక వారం సముందర్ మీద

మెహర్ డబ్బుతో పడవెక్కిన ఆడమనిషి మన ఖాందాన్లలో ఇంకెవరైనా ఉంటే నాకు కబురు చేయండి. నాకు తెలిసి మా వైపు నేనే మొదటిదాన్ని. ఈ సంగతి విన్న రిష్తేదార్లు ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఫోన్ చేసి "ఎంత ఖర్చయింది ఆపా, ఎక్కడ దిగారు, భయం వేయలేదా" అని ఆరా తీయడం మొదలుపెట్టారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మెహర్ సంగతి. మా నిఖా 1993లో విజయనగరంలో, మా మైకాలో జరిగింది. ఖాజీ సాబ్ 11,000 రూపాయలు, 2 దీనార్ సుర్ఖ్ అని చదివారు. ఆయన ఖబూల్ అన్నారు. ఖర్జూరాలు పంచారు. నిఖానామాలో 'మువజ్జల్' అని రాశారు. అంటే తర్వాత ఇచ్చేది అని. ఆ తర్వాత అన్నది ఎప్పుడో ఎవరూ రాయరు. మన రివాజులో అది జనాజా దగ్గరే వస్తుంది. మయ్యత్ పక్కన ఏడుస్తున్న ఆడదాని చెవిలో ఎవరో ఒకరు "మెహర్ మాఫ్ చేశానను" అంటారు. ఆమె తల ఊపుతుంది. ముప్పై ఏళ్ల ఖర్జ్ ఒక్క తల ఊపుతో తీరిపోతుంది.

2024 ఆగస్టులో ఆ మాట నా చెవి దాకా వచ్చింది. మా ఆయనకి రాత్రి రెండింటికి గుండెనొప్పి వస్తే గుంటూరులో ఆసుపత్రికి తీసుకుపోయాం. రెండు స్టెంట్లు వేశారు. ఐసీయూ బయట కుర్చీలో నేను తస్బీహ్ తిప్పుతూ కూర్చుంటే, మా వాళ్లలో ఒక పెద్దావిడ నా పక్కన చేరి, "ఎందుకైనా మంచిది బేటా, మెహర్ మాఫ్ చేసెయ్" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆమెతో ఒకప్పుడు ఎవరో అనిపించారు. ఆమె నాతో అనిపించబోయింది, అంతే. నేను నోరు విప్పలేదు. మాఫ్ చేస్తే ఆయన పోతున్నట్టు ఒప్పుకున్నట్టే అనిపించింది నాకు. అందులో డబ్బు లెక్క ఏమీ లేదు.

అల్లా దయ, ఆయన ఇంటికొచ్చారు. ఈ మాట ఆయనకి మా చిన్నమ్మాయి చెప్పింది. రెండు రోజులు ఖామోష్‌గా ఉన్నారు. మూడో రోజు ఇనప్పెట్టె తీసి నిఖానామా బయట పెట్టారు. కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరైన మనిషి. కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నారు. దీనార్ అంటే నాలుగుంపావు గ్రాముల బంగారం. రెండు దీనార్లు ఎనిమిదిన్నర గ్రాములు. మా నిఖా నాటికి పది గ్రాముల బంగారం 4,000 రూపాయల చిల్లర. అంటే ఆ రోజు రెండు దీనార్లు మూడున్నర వేలు, నగదు 11,000. నగదే పెద్దది. 2025 జనవరికి పది గ్రాములు 80,000 దాటింది. రెండు దీనార్లు దాదాపు 69,000. నగదు మాత్రం అదే 11,000. అప్పట్లో ఆ 11,000తో రెండు తులాల పైన బంగారం వచ్చేది. ఇప్పుడు గ్రామున్నర కూడా రాదు.

"చూడు బేగం, కాగితం కరిగిపోయింది, సోనా నిలబడింది" అన్నారు. జనవరిలో 80,000 ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. "ఇది నీ హక్. ఏం చేస్తావో నన్ను అడగకు" అన్నారు.

ఆయన అడగలేదు గాని మిగతా దునియా అంతా అడిగింది. ఆడబిడ్డ గాజులు చేయించుకోమంది. తోడికోడలు ఉమ్రాకి ఇంకొంత కలుపుకోమంది. దుబాయ్‌లో ఉన్న కొడుకు పెద్ద నౌకలో పొమ్మన్నాడు. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ అనే విలాస నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో దాని లాంటి నౌకల కోసం 96 కోట్లతో టెర్మినల్ కూడా తెరిచారు. కాని జనవరిలో ఆ నౌక మన వైపు లేదు. ఉన్నా ఎక్కేదాన్ని కాదేమో. పదకొండు అంతస్తుల మేడ మీద నిలబడి సముద్రాన్ని చూడటం నాకు తలపులో కూడా రాలేదు. నాకు కావలసింది చేత్తో నీళ్లు అందుకునే పడవ.

ఎందుకంటే నేను విజయనగరంలో పుట్టాను. అక్కడికి భోగాపురం పాతిక కిలోమీటర్లు. అబ్బా మమ్మల్ని ఏడాదికోసారి ఈద్ మూడో రోజున ఆ తీరానికి తీసుకెళ్లేవారు. తమ్ముళ్లు నీళ్లలో దూకేవాళ్లు. మేం ఆడపిల్లలం ఇసుక మీద కూర్చుని దస్తర్‌ఖాన్ కాపలా కాసేవాళ్లం. ఇరవై ఏళ్లు సముద్రం పక్కన పెరిగి మోకాలి దాకా కూడా తడవలేదు.

ఇంకో కారణం మా నానీ. ఆమె హజ్‌కి ఓడలో వెళ్లింది. ఇక్కణ్ణుంచి రైల్లో బంబయి, అక్కణ్ణుంచి మొఘల్ లైన్ వాళ్ల ఓడలో జెద్దా. ఆ ఓడలు 1995 దాకా నడిచాయి. ఆఖరిది అక్బరీ. తర్వాత అందరూ విమానమే. నానీ హజ్ ముచ్చట్లలో కాబా ఎంత ఉండేదో ఓడ కూడా అంతే ఉండేది. నీళ్ల మీద వారం పైగా గడిపిన మనిషి ఆమె. "జమీన్ కనపడకపోతే మనిషికి ఖుదా తప్ప ఎవరూ గుర్తుకురారు" అనేది. అందుకే నాకు ఉమ్రాకీ ఈ తఫ్రీకీ గొడవ కనపడలేదు. ఉమ్రాకి డబ్బు వేరే జమ చేస్తున్నాం. ఇది నా డబ్బు.

డాక్టర్‌ని అడిగాం. బరువులు ఎత్తవద్దు, మందులు మరవవద్దు, పొమ్మన్నారు. రజబ్ చివర, షబే మేరాజ్ అయ్యాక, జనవరి 29న బుధవారం బయల్దేరాం. ఆ రోజుల్లో సముద్రం కాస్త మంచిగా ఉంటుంది. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. పోదలచుకున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి కూడా ముందే చెప్పాలి. భోగాపురంలో టికెట్ కొని ఎక్కే షికారు పడవలు లేవు. అలాంటివి కావాలంటే రుషికొండ, విశాఖ వెళ్లాలి. మా తమ్ముడికి ముక్కాం వైపు ఒక తండేల్ పరిచయం. ఫైబర్ తెప్ప, వెనక ఇంజను, ఐదుగురు మనుషులు. డీజిలు ఖర్చు, ఐదుగురి కూలి, తెప్ప అద్దె మేమే ఇస్తామన్నాం. లైఫ్ జాకెట్లు విశాఖలో కొని పట్టుకుపోయాం. తమ్ముడు నవ్వాడు గాని నేను ఒప్పుకోలేదు. అవి లేకుండా ఎవరూ పడవెక్కకండి, ఈత వచ్చినా సరే.

భోగాపురం ఇప్పుడు నేనెరిగిన భోగాపురం కాదు. మేం వెళ్లినప్పుడు హైవే పక్కన రెండు వేల ఎకరాల పైన విమానాశ్రయం కడుతూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. లారీలు, ఎర్రదుమ్ము, రియల్ ఎస్టేట్ బోర్డులు. ఆ దుమ్ము దాటి నాలుగైదు కిలోమీటర్లు తూర్పుకి పోతే సరుగుడు తోటలు, కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు. ఆ తర్వాత ఒక్కసారిగా నీలం. రాత్రి ఒక చిన్న రూములో పడుకున్నాం. కెరటాల హోరుకి ఆయనకి నిద్ర పట్టలేదు. నాకు మాత్రం చిన్నప్పటి నిద్ర పట్టింది.

గురువారం ఫజర్ చదువుకుని ఒడ్డుకి పోయాం. నేను బుర్ఖా రూములో పెట్టి, వదులు సల్వార్ మీద పెద్ద దుపట్టా పిన్నులతో బిగించి, దాని మీద జాకెట్ తొడిగాను. బుట్టలు పట్టుకున్న ఆడవాళ్లు నన్ను చూసి నవ్వారు. వాళ్లలో ఒకామె దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ గుడ్డ కాళ్లకి సుట్టుకుంటాది, లోనికి దోపీ" అని తనే వంగి సరిచేసింది. పేరు కూడా అడగలేదు.

ఇక్కడ జెట్టీ లేదు. తెప్పని పదిమంది కలిసి ఇసుక మీద తోసుకుంటూ కెరటాల్లోకి దింపుతారు. కెరటాలన్నీ ఒక్కలా రావు. పెద్దవి గుంపుగా నాలుగైదు వస్తాయి. ఆ తర్వాత కాసేపు సముద్రం ఊపిరి పీల్చుకుంటుంది. తండేల్ ఆ సందు కోసం నిలబడి చూస్తాడు. ఆ చూపులో తొందర ఉండదు. అతను "ఊ" అనగానే అందరూ ఒకేసారి తోస్తారు, ఇంజను రొద చేస్తుంది, ముందు భాగం ఆకాశంలోకి లేస్తుంది.

"ఏటీ భయం నేదమ్మా, గట్టిగా పట్టుకోండి. కెరటం దాటేక సల్లగుంటాది" అన్నాడు తండేల్.

నేను బిస్మిల్లా అన్నాను. ఆయన చెయ్యి నా చేతి మీద ఉంది. ముప్పై ఏళ్లలో నలుగురి ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. రెండో కెరటానికి ఇద్దరం తడిసిపోయాం. మూడోది దాటాక నిజంగానే సల్లగా అయింది. వెనక్కి తిరిగి చూస్తే పల్లె అగ్గిపెట్టెలంత ఉంది. నేను గట్టిగా నవ్వాను. మా ఇంట్లో అంత గట్టిగా నవ్వితే ఎవరో ఒకరు "ఆహిస్తా" అంటారు. అక్కడ అనేవాళ్లు లేరు.

ఆ పూట ఒడ్డు పక్కనే రెండు గంటలు తిరిగాం. ఒకచోట నీళ్లలోంచి తాబేలు తల పైకొచ్చి మమ్మల్ని చూసి మునిగింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి. ఒడ్డున మాత్రం చచ్చిన తాబేళ్లు కూడా కనపడ్డాయి. మరపడవల వలల్లో ఇరుక్కుని ఊపిరాడక చచ్చిపోతాయని చెప్పారు.

ఆ రెండు గంటల్లో నా చెవిని లాగింది వాళ్ల మాటలు. పడవ నడిపేవాడు తండేల్. తాడుకి కట్టి నీళ్లలో వేసేది లంగరు. గాలి ముదిరితే తుఫాను. ఇంజను పాడైతే మరమ్మతు. విశాఖ పోర్టులో మూటలు మోసేవాళ్లు కళాసీలు, ఓడలో పనివాళ్ల మీద పెద్ద సరంగు. మచిలీపట్నానికి బందరు అని పేరు. వీటిలో చాలావరకు అరబ్బీ, పార్సీ, హిందుస్తానీ నుంచి ఓడల మీద వచ్చి ఈ ఒడ్డున దిగిన మాటలు. ఆ మాట చెబితే తండేల్ ఒప్పుకోలేదు. "ఇయి మా తాతల కాడ్నించీ మా మాటలే అమ్మా" అన్నాడు. అతనిదీ నిజమే. ఇన్ని తరాలు వాడుకున్నాక అతనివి కాకుండా ఎలా పోతాయి? ఒక్క లంగర్ గురించి మాత్రం చెప్పాను. దర్గాలో అందరికీ వండి పెట్టేదాన్ని కూడా మేం లంగర్ అంటామని. "రెండూ నిలబెట్టేవే గదా" అన్నాడు.

శుక్రవారం శ్రీకాకుళం పోయాం. మన పాత కాగితాల్లో చికాకోల్. కుతుబ్‌షాహీల కాలంలో ఫౌజ్‌దార్లు కూర్చున్న ఊరు. తర్వాత ఆర్కాట్ నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ అంతకుముందు ఇక్కడే ఫౌజ్‌దార్. గుల్షనాబాద్ అని కూడా పిలిచేవారు. ఇక్కడి సన్నని మస్లిన్ బట్టకి దూరదేశాల్లో పేరుండేది. ఆ చేతి పనితనం ఇప్పటికీ పొందూరు ఖాదీలో మిగిలింది. ఆయన 17వ శతాబ్దంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్‌లో జుమా చదివారు. నేను పక్క వీధిలో తెలిసినవాళ్లింట్లో జుహర్ చదివాను. సాయంత్రం కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట, నాటు పడవలో గంట సేపు తిరిగాం. అక్కడ లైట్‌హౌస్ ఉంది, దర్గా ఉంది. మా పడవ నడిపిన ముసలాయన దర్గా వైపు చూసి నమస్కారం పెట్టి తెడ్డు వేశాడు. జాలరి మనిషి.

శనివారం తెప్ప ఉత్తరంగా పోయింది. కోనాడ దగ్గర చంపావతి నది సముద్రంలో కలుస్తుంది. నది నీళ్లు మట్టిరంగు, సముద్రం నీలం. రెండూ కాసేపు పక్కపక్కనే పోతాయి. ఆ పైన చింతపల్లి లైట్‌హౌస్. ఇంగ్లీషు వాళ్ల పటాల్లో శాంతపిల్లి. ఆ ఎదురుగా నీళ్లలో రాళ్లున్నాయి. ఓడలు వాటికి తగలకుండా 19వ శతాబ్దంలోనే అక్కడ దీపం పెట్టారు.

జుహర్ వేళ పడవలోనే అయింది. ముసాఫిర్లం కనక కసర్, రెండు రకాత్‌లు. నిలబడితే ఊగిపోతున్నాం, కూర్చునే చదివాం. తండేల్ ఇంజను ఆపి "పడమర అటు బాబూ" అని చూపించాడు. ఒడ్డు మీద మనకి ఖిబ్లా అంటే గోడ. ఈ తీరంలో నీళ్ల మీద ఖిబ్లా అంటే జమీన్. ఎటు సజ్దా చేసినా సముద్రం వీపు వెనకే ఉంటుంది. ఐదుగురూ మాట్లాడకుండా కూర్చున్నారు. సలాం తిప్పాక బీడీ వెలిగించుకున్నారు.

భోజనం సంగతి కూడా అడుగుతారు కదా. ఈ పల్లెల్లో జబీహా మాంసం దొరకదు. అవసరం కూడా లేదు, చేపకి జబహ్ అక్కర్లేదు. కోనాం ముక్కల వేపుడు, చందువా పులుసు, చిన్న కవళ్లు. రొయ్యల దగ్గర మాత్రం మా ఇద్దరికీ పాత తగువు. రొయ్య చేప కాదు, మక్రూహ్ అని ఆయన. చేపే అని నేను. నా డబ్బుతో కొన్న రొయ్యలు కనక ఆ వారం ఫత్వా నాదే నడిచింది. ఆయన పులుసు మాత్రం పోసుకున్నారు.

ఇక ఆ సాయంత్రం జరిగింది చెప్పాలి. పల్లె పేరు రాయను.

దారి పొడుగునా తండేల్ సినిమా పోస్టర్లు ఉన్నాయి, ఆ వచ్చే వారమే విడుదల. ఆ కథ ఈ తీరానిదే. ఇక్కడ పెద్ద పడవలు నిలిపే రేవులు లేక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్లు ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కి పోయి అక్కడి మరపడవల్లో పని చేస్తారు. 2018 నవంబర్‌లో అలా పోయినవాళ్లు పాకిస్తాన్ నీళ్లలోకి వెళ్లారని పట్టుబడి, కరాచీ జైల్లో పడ్డారు. 2020 జనవరిలో ఇరవై మందిని వాఘా దగ్గర అప్పగించారు.

మాకు టీ ఇచ్చిన ఇంట్లో ఒక కుర్రాడు అలా వెళ్లి వచ్చినవాడు. వాళ్లమ్మ పాకిస్తాన్ అన్న మాట అనగానే మా ఆయన చేతిలో గ్లాసు కదలకుండా ఆగిపోయింది. ఇది చదివే మీకందరికీ ఆ ఆగడం తెలుసు. ఎవరో ఆ దేశం పేరెత్తుతారు, గదిలో అందరూ ఒక్క క్షణం మన మొహం చూస్తారు. మనం ఏ తప్పూ చేయకుండానే జవాబు వెతుక్కుంటాం.

కాని ఆమె మా మొహం చూడలేదు. లోపలికి పోయి దేవుడి పటం వెనక నుంచి ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో మడతపడిన చిన్న కాగితం. "ఇది ఆడ్నించి తెచ్చేడు బాబూ. ఏం రాసుందో ఎవులికీ తెల్దు. ఎవులికైనా సూపిస్తే ఏటనుకుంటారో అని దాసేం. ఐదేళ్లయిపోనాది. మీకు ఆ అక్షరాలొచ్చు గదా" అంది.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. ఉర్దూ, ఏదో చేతి రాత. చాలాసేపు చూశారు. నా గుండె దడదడలాడింది. తర్వాత మెల్లగా చదివి తెలుగులో చెప్పారు. జైలు దవాఖానా చీటీ అది. పంటి నొప్పి. ఒక మాత్ర, రోజుకి రెండుసార్లు, తిండి తర్వాత, ఐదు రోజులు. ఉప్పునీళ్లు పుక్కిలించాలి. అంతే.

ఇల్లంతా నవ్వింది. ఆ కుర్రాడు నవ్వలేదు. "నా పేరేది బాబూ" అన్నాడు. ఆయన పైన రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించారు. మన వైపు పేరు ఉర్దూలో రాస్తే ఎలా వంకరపోతుందో అలా వంకరపోయి ఉంది గాని పేరు అతనిదే. అతను కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ నాలుగుసార్లు చూసుకున్నాడు. "ఆ డాక్టరు మంచోడు, కూకోబెట్టి అడిగేడు" అన్నాడు. కాగితం మళ్లీ మడిచి పటం వెనకే పెట్టారు.

వాళ్లు ఆ అక్షరాలకి భయపడి ఐదేళ్లు దాచుకున్నారు. మేం ఆ అక్షరాలు వచ్చినందుకే ఎన్నోసార్లు భయపడ్డాం. రైల్లో ఉర్దూ కితాబుకి అట్ట వేసుకుని చదివే మనిషి మా ఆయన. ఆ రాత్రి రూముకొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. పడుకునే ముందు "పంటి నొప్పి బేగం, ఇన్నేళ్ల ఖౌఫ్ పంటి నొప్పి మీద" అన్నారు.

ఆదివారం విశాఖ. సోమవారం సబ్‌మెరీన్ మ్యూజియానికి సెలవని ఆదివారమే పెట్టుకున్నాం. ఐఎన్‌ఎస్ కుర్సురా 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. ఆ ఇరుకులో అంతమంది ఎలా బతికారో అని ఆయన ప్రతి పరుపూ కొలిచి చూశారు. హార్బర్ దగ్గర షికారు పడవ ఎక్కి డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా పోయి వచ్చాం. పోర్టు నోటి దగ్గర మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద హజ్రత్ ఇస్‌హాక్ మదనీ దర్గా. హిందూ ఓడ యజమానులు ఈ దర్గాకి వెండితో చేసిన చిన్న పడవలు నజరానాగా ఇచ్చేవారని బ్రిటిష్ కాలపు రాతల్లో ఉంది. మెట్లెక్కి ఫాతెహా చదివాం. ఆయన ప్రతి పది మెట్లకీ ఆగారు. నేను తొమ్మిదో మెట్టు దగ్గరే ఆగేదాన్ని, ఆయన అలసట నాదన్నట్టు.

సోమవారం ఆఖరి పడవ, దక్షిణంగా భీమిలికి గంటన్నర. గోస్తనీ నది కలిసేచోట డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీ పాలకుల అనుమతితో వ్యాపారానికి దిగారు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. చిన్న పిరమిడ్‌లలా లేచిన గోరీలు, అర్థం కాని భాషలో పేర్లు. బట్టకి ఇంత దూరం వచ్చి ఎవరి ఖబరస్తాన్‌కీ దగ్గర కాకుండా పడుకున్నారు. వాళ్లకీ ఒక దువా చేశాం. భీమిలి దాటాక ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల పాటు గాలి, నీరు, ఇసుక కలిసి చేసినవి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. నీళ్ల మీద నుంచి చూస్తే ఒడ్డుకి మెహందీ పెట్టినట్టు ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఆయన తండేల్ పక్కన నిలబడ్డారు. గుండె మీద చెయ్యి వేసుకున్నారు. నేను కంగారుగా చూశాను. నొప్పి కాదు, జేబులో మందుల డబ్బా తడవకుండా పట్టుకున్నారట.

ఇప్పుడు లెక్క, అడిగినవాళ్లందరికీ. తెప్ప, మనుషుల కూలి, డీజిలు మూడు రోజులకి 15,000. రూము 9,000. కారు 11,000. తిండి, టికెట్లు, లైఫ్ జాకెట్లు 8,000. గుంటూరు నుంచి రానూపోనూ రైలు 3,000. మొత్తం 46,000. మిగిలిన 34,000 నా పేరు మీద పోస్టాఫీసులో ఉంది. లైఫ్ జాకెట్లు తండేల్‌కి ఇచ్చి వచ్చాం. తొడుక్కుంటాడో లేదో అల్లాకే తెలుసు.

ఆడపిల్లలున్న తల్లిదండ్రులకి ఒక్క మాట. సూరె నిసా మొదట్లోనే ఉంది ఈ హుకుం, భార్యల మెహర్ ఖుషీగా ఇచ్చేయమని. ఇవ్వకుండా పోతే అది మయ్యత్ మీద ఖర్జ్. వారసుల వాటాలకంటే ముందు తీరవలసిన అప్పు. షరియత్ అదే చెబుతుంది, మన దేశంలో కోర్టులు కూడా అదే చెబుతాయి. ఏడుస్తున్న ఆడదానితో మాఫ్ అనిపించడం మన రివాజే గాని దీన్ కాదు. మెహర్ రూపాయల్లో రాయించకండి, గ్రాముల్లో రాయించండి. వీలైతే 'ముఅజ్జల్' అని, అంటే అప్పటికప్పుడు ఇచ్చేలా రాయించండి. షౌహర్లు ఇది చదువుతుంటే, ఇనప్పెట్టె తాళం ఎక్కడుందో చూసుకోండి. గుండె మంచిగా ఉన్నప్పుడు తీర్చిన ఖర్జ్‌కి వేరే బరకత్ ఉంది.

మా చిన్నమ్మాయి నిఖా ఇన్షా అల్లాహ్ వచ్చే షవ్వాల్‌లో. మెహర్ 20 గ్రాముల బంగారం, ముఅజ్జల్. అబ్బాయి తరఫువాళ్లు కాస్త ఆలోచించి ఒప్పుకున్నారు. ఆ అబ్బాయికి సముద్రం అంటే భయమట. మా అమ్మాయి ఇప్పటికే ముక్కాం తండేల్ ఫోన్ నంబరు నా దగ్గర్నుంచి తీసుకుంది.